ముందు నీళ్లు, తర్వాత కెమెరా

మేడ్చల్‌లో ఉంటూ నీళ్ల లోపల ఫొటోలు తీయడం నేర్చుకుంటానని ఎవరితోనైనా అని చూడండి. "ఇక్కడ సముద్రమేదీ?" అనే మాటే ముందొస్తుంది. నిజమే, విశాఖ ఆరు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఈ విద్యలో మొదటి ఏడాది చేయాల్సిన సాధనలో చాలా భాగానికి సముద్రం అక్కర్లేదు. నాలుగడుగుల లోతున్న శుభ్రమైన స్విమ్మింగ్ పూల్ చాలు. నా ఉద్దేశంలో సముద్రం దూరంగా ఉండటం మనకు మేలే చేస్తుంది. ఒడ్డున ఉన్నవాళ్లకు కెమెరా కొన్న మర్నాడే అలల్లోకి దిగాలనిపిస్తుంది. అప్పుడు ఊపిరి, మాస్కు, ప్రవాహం, కెమెరా నాలుగూ ఒక్కసారే మీద పడతాయి, ఏదీ చేతికి రాదు. మనకు వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకుని వెళ్లే వీలుంది. ఈ అధ్యాయం ఆ వరస గురించే.

అన్నిటికన్నా ముందు, దిగకూడని నీళ్ల సంగతి. శామీర్‌పేట పెద్ద చెరువును రాజీవ్ రహదారి మీద వెళ్తూ ఆగి చూడనివాళ్లు తక్కువ. చూడండి, కానీ దిగొద్దు. చెరువు నీళ్లలో బురద, నాచు తేలుతుంటాయి. చాపిన చేతివేళ్లే సరిగా కనిపించవు. అడుగున ఎక్కడ మట్టి తవ్విన గుంత ఉందో, ఎక్కడ తెగిన వల ఉందో పైనుంచి తెలియదు. క్వారీ గుంతలు ఇంకా ప్రమాదం. వాటి నీళ్లు తేటగా కనిపించి రమ్మంటాయి, గోడలు మాత్రం నిట్టనిలువుగా ఉంటాయి, ఎక్కి రావడానికి పట్టు దొరకదు. పొలం బావుల్లో మోటార్ వైర్లుంటాయి. ఎండాకాలం సెలవుల్లో ఇలాంటి నీళ్లలో పిల్లలు పోయిన వార్త పేపర్లో చూస్తూనే ఉంటాం. "నీళ్ల కాడ ఆటలొద్దు బిడ్డా" అని ఇంట్లో పెద్దవాళ్లు అనేది చాదస్తంతో కాదు, కళ్లారా చూసి. చెరువు గట్టు మీద కూర్చుని నేర్చుకోగలిగింది ఒకటుంది, అది వెలుతురు. పొద్దున ఏటవాలు ఎండలో నీటి పైతట్టు వెలుగును తిప్పికొట్టి తళతళలాడుతుంది. పొద్దు నెత్తిమీదికి వచ్చేకొద్దీ ఆ మెరుపు తగ్గి, వెలుగు లోపలికి దిగడం మొదలుపెడుతుంది. ఆరుబయట పూల్‌లోనైనా సముద్రంలోనైనా పగలు 10 నుంచి 2 గంటల మధ్య లోపల వెలుతురు ఎక్కువ ఉండేది అందుకే.

ఇక ఈత. చాలామందికి బావిలో నడుముకు బెండు కట్టుకుని నేర్చుకున్న ఈత ఉంటుంది. అది గట్టి ఈత, భయం పోగొట్టే ఈత. అయితే అందులో తల ఎప్పుడూ నీటి పైనే ఉంటుంది, కాళ్లూ చేతులూ బలంగా ఆడతాయి. ఫొటోకు దానికి సరిగ్గా ఎదురు కావాలి: ముఖం నీళ్లలో ఉండాలి, ఒళ్లు కదలకూడదు. కాబట్టి ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ముఖం ముంచి తేలడం దగ్గర మళ్లీ మొదలుపెట్టాల్సిందే. మీ ఈత సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి ఒక కొలత చెబుతాను. పాడి అనే అంతర్జాతీయ డైవింగ్ సంస్థ తన ఓపెన్ వాటర్ కోర్సుకు వచ్చేవాళ్లను ఆగకుండా 200 మీటర్లు ఈదమంటుంది, ఏ ఆసరా లేకుండా 10 నిమిషాలు తేలమంటుంది. వేగంతో పని లేదు. ఈ రెండూ ఆయాసపడకుండా చేయగలిగే రోజు వచ్చేదాకా కెమెరా గురించి ఆలోచించకండి.

మాకు ఇటువైపు పూల్‌లో కోచ్ ఒకాయన ఉన్నాడు. యాక్షన్ కెమెరా పట్టుకుని దిగబోయిన ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడితో ఆయనన్న మాట నాకు బాగా నచ్చింది.

"కెమెరా గట్టు మీద పెట్టుండ్రి సార్. ముందుగాల్ల అడుగున పండుకోని చూపియ్యుండ్రి."

"అడుగున పడుకోవడమేంటి అన్నా, నేను ఫొటో తీయడానికి వచ్చాను గదా."

"పండుకునుడు రాకుంటే ఫొటో ఎట్లొస్తది సార్?"

చూడ్డానికి సులువుగా ఉంటుంది గానీ, నిండా గాలి పీల్చుకుని మునిగితే మనిషి అడుగుకు చేరడు, పైకి తేలిపోతుంటాడు. ఊపిరితిత్తుల్లో గాలి ఎంత ఉంటే అంత తేలిక. కాబట్టి మామూలుగా ఊపిరి తీసుకుని, ముక్కుతోనో నోటితోనో సన్నగా బుడగలు వదులుతూ పోవాలి. కొంత గాలి పోయాక ఒళ్లు తనంతట తాను కిందికి దిగుతుంది. వీపు టైల్స్‌కు ఆనుతుంది. అప్పుడు కళ్లు తెరిచి పైకి చూడండి. నీటి పైతట్టులో మీకు నేరుగా పైన ఒక గుండ్రటి వెలుగు కిటికీ, చుట్టూ అద్దంలా అడుగు టైల్స్ నీడ కనిపిస్తాయి. వెలుగు నీళ్లలోకి వచ్చేటప్పుడు వంగుతుంది కాబట్టి బయటి ఆకాశమంతా దాదాపు 97 డిగ్రీల శంకువులో ఇమిడిపోతుంది. పెద్ద పెద్ద ఫొటోగ్రాఫర్ల చిత్రాల్లో సొరచేప వెనక కనిపించే ఆ వెలుగు వలయం ఇదే. మన పూల్‌లో కూడా ఉంది. నీళ్లు కుదురుగా ఉండాలి, మీరూ కుదురుగా ఉండాలి, అంతే.

ఈ సాధనలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఒకటుంది, దాన్ని వివరంగానే చెబుతాను. ఎక్కువసేపు లోపల ఉండాలని మునిగే ముందు గబగబా పదిసార్లు గాలి పీల్చి వదులుతుంటారు కొందరు. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు. కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి పీల్చుకోవాలన్న తపన పుట్టించేది ముఖ్యంగా ఆ కార్బన్ డయాక్సైడే. హెచ్చరించేది లేకపోవడంతో ఆక్సిజన్ అయిపోతున్నా మనిషికి తెలియదు, ఏ ఇబ్బందీ అనిపించకుండానే స్పృహ తప్పుతుంది. బాగా ఈదగలవాళ్లు, నాలుగడుగుల నీళ్లలో కూడా ఇలా పోయిన సందర్భాలున్నాయి. కాబట్టి గబగబా పీల్చడం వద్దు, పందేలు వద్దు, ఒంటరిగా అసలే వద్దు. ఇద్దరు వెళ్లండి. ఒకరు మునిగితే ఒకరు పైనుండి చూస్తుండాలి, ఫోన్ చూడకూడదు. లైఫ్‌గార్డ్‌కు కూడా మీరేం చేస్తున్నారో ముందే చెప్పండి. అడుగున కదలకుండా పడుకున్న మనిషిని చూస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది.

ఇంతా చేస్తే వచ్చే లాభం ఫొటోలో నేరుగా కనిపిస్తుంది. నీళ్లలో ట్రైపాడ్ ఉండదు, మీ ఒళ్లే ట్రైపాడ్. ఊపిరి కుదిరినవాడి ఫొటో కుదురుతుంది. లూయీ బుతాన్ అనే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త 1893లో బన్యూల్స్ తీరంలో నీటి అడుగున ఫొటోలు తీశాడు. ఆయన సోదరుడు తయారుచేసిన పెట్టెలో కెమెరా బిగించి సముద్రపు అడుగున నిలబెట్టేవాడు. అప్పటి ప్లేట్ల మీద బొమ్మ పడటానికి ఒక్కోసారి అరగంట దాకా పట్టేది. ఇప్పుడు మనకు క్షణంలో రెండొందలో వంతు చాలు. ఆ వంతు క్షణమైనా కదలకుండా ఉండటం మాత్రం ఇప్పటికీ మనమే నేర్చుకోవాలి.

నీటిలో వెలుగు ఎలా నడుచుకుంటుందో తెలుసుకుంటే సగం సందేహాలు తీరతాయి. నీళ్లు రంగుల్ని వరసగా మింగుతాయి. మొదట ఎరుపు పోతుంది. సముద్రంలో సుమారు 5 మీటర్ల లోతుకే ఎర్ర బట్ట గోధుమరంగులోకి తిరుగుతుంది. తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. చివరికి మిగిలేది నీలం, ఆకుపచ్చ. కొత్తవాళ్లు మరిచిపోయే సంగతి ఏమిటంటే, ఈ లెక్క కేవలం లోతుది కాదు. ఎండ పైనుంచి చేప దాకా ప్రయాణించాలి, చేప నుంచి మీ లెన్స్ దాకా మళ్లీ ప్రయాణించాలి. 3 మీటర్ల లోతులో ఉన్న చేపను 2 మీటర్ల దూరం నుంచి తీస్తే వెలుగు దాటిన నీళ్లు 5 మీటర్లు. అదే చేపను జానెడు దూరం నుంచి తీస్తే దాదాపు 2 మీటర్ల రంగు మిగుల్చుకున్నట్టే. అందుకే ఈ విద్యలో అందరూ చెప్పే మొదటి మాట "దగ్గరికి వెళ్లు" అని. దగ్గరికి వెళ్లాననిపించాక ఇంకొంచెం దగ్గరికి వెళ్లండి. ఎందుకంటే మాస్కు అద్దం గుండా చూసినప్పుడు నీళ్లలోని వస్తువు అసలు దూరంలో ముప్పావు వంతు దూరంలోనే ఉన్నట్టు తోస్తుంది. కంటికి ముప్పై అంగుళాలు అనిపించింది నిజానికి నలభై.

రెండో మాట, ఫ్లాష్ సంగతి. దీన్ని ఇంట్లోనే, వంటింటి గట్టు మీదే నేర్చుకోవచ్చు. ఒక గాజు గిన్నెలోనో చిన్న అక్వేరియం తొట్టిలోనో నీళ్లు పోసి, అందులో ఒక స్టీలు చెంచా నిలబెట్టండి. రెండు మూడు చుక్కల పాలు వేసి కలపండి. నీళ్లు సన్నగా మసకబారతాయి, మన చెరువుల్లోనో విశాఖలోని రుషికొండ తీరం దగ్గరో తేలాడే నలుసుల్లాగే. గదిలో లైట్లు ఆర్పి, టార్చిని కెమెరాకు ఆనించి పట్టుకుని చెంచా మీద వేసి ఒక ఫొటో తీయండి. చెంచాకు ముందు తెల్లటి పొగ కమ్ముకున్నట్టు వస్తుంది. ఇప్పుడు టార్చిని పక్కకు, బారెడు దూరానికి జరిపి, తొట్టి పక్క గోడ గుండా చెంచా మీద మాత్రమే పడేలా వేయండి. పొగ చాలావరకు మాయమై చెంచా అంచు పదునుగా తేలుతుంది. వెలుగు లెన్స్ పక్కనుంచే బయల్దేరితే దారిలో ఉన్న ప్రతి నలుసూ దాన్ని తిన్నగా లెన్స్‌లోకే తిప్పికొడుతుంది. నీటి అడుగు ఫొటోగ్రాఫర్లు రెండు పొడవాటి చేతుల చివర ఫ్లాష్‌లు బిగించుకుని ఎండ్రకాయలా కనిపించేది ఇందుకే. కెమెరాలోనే ఉన్న చిన్న ఫ్లాష్‌ను నీళ్లలో ఆపేసి ఉంచడం ఎందుకు మంచిదో కూడా ఈ గిన్నే చెబుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది ఆదివారం పూట మంచి పని.

అక్వేరియం ఉంటే ఇంకా మేలు. లెన్స్‌ను గాజుకు పూర్తిగా ఆనించి, గది చీకటి చేసి, తొట్టిలోని లైటు ఒక్కటే ఉంచండి. మెరుపు నీడలు పోతాయి. చేప కంటి మీద ఫోకస్ పెట్టి, అది మీవైపు తిరిగేదాకా ఆగండి. పక్కకు తిరిగిన చేప పటం పుస్తకంలో బొమ్మలా ఉంటుంది, ఎదురుగా వస్తున్న చేపకు ముఖం ఉంటుంది. గోల్డ్‌ఫిష్ దగ్గర ఈ ఓపిక అలవడితే సముద్రంలో పనికొస్తుంది.

ఇప్పుడు కెమెరా. ఐపీ68 అని రాసిన ఫోన్‌తో దిగొచ్చా అని చాలామంది అడుగుతారు. ఆ గుర్తు కదలని మంచినీళ్లలో, ల్యాబ్‌లో చేసిన పరీక్షకు సంబంధించింది. క్లోరిన్ నీళ్లు, ఉప్పునీళ్లు వేరు. నీళ్లు దూరి పాడైతే సాధారణంగా వారంటీ వర్తించదు. ఇంటి లెక్కలు, బ్యాంకు యాప్‌లు అన్నీ ఉన్న ఫోన్‌ను అలా పణంగా పెట్టడం నాకు సబబుగా తోచదు. గోప్రో హీరో బ్లాక్ మోడళ్లు హీరో5 నుంచి విడిగా పెట్టె లేకుండానే 10 మీటర్ల దాకా తట్టుకుంటాయి. చిన్న చిన్న జీవుల్ని దగ్గరగా తీయాలనుకునేవాళ్లకు ఒలింపస్ టీజీ-6 లాంటి కాంపాక్ట్ కెమెరా, 15 మీటర్ల దాకా. మొదటి కెమెరాగా ఈ రెంటిలో ఏదైనా చాలు, వాడినదైనా పరవాలేదు. పెద్ద కెమెరాకు హౌసింగ్ కొనాలంటే ఒక్కోసారి కెమెరా కన్నా అదే ఖరీదు. మిగిలిన డబ్బు మంచి మాస్కు మీద పెట్టండి. ముఖానికి అతికేది, పట్టీ లేకుండా ముక్కుతో గాలి పీల్చితే ఊడకుండా నిలబడేది.

హౌసింగ్ వాడినా, కెమెరా తలుపులే మూసినా, నీళ్లను ఆపేది సన్నటి రబ్బరు చుట్ట ఒక్కటే. ఓ-రింగ్ అంటారు. దాన్ని చూసుకోవడం ఒక పూజలా చేయండి. ఫ్యాను ఆపి, మంచి వెలుతురులో, ఉతికిన పొడి బట్ట పరిచి కూర్చోవాలి. చేతులు కడుక్కుని ఆరనివ్వాలి. హౌసింగ్‌లో ఊడదీసే వీలున్న రింగ్‌ను వేలి ఒత్తిడితోనే బయటికి తీయండి, పిన్నీసు తగలనివ్వొద్దు. రెండు వేళ్ల మధ్య నెమ్మదిగా జరుపుతూ పోతే ఇసుక రేణువు ఉంటే గరుకుగా తగులుతుంది. కంటికి ఆనని తల వెంట్రుక ఒక్కటి అడ్డం పడినా చాలు, అదే నీళ్లకు దారి. కంపెనీ చెప్పిన గ్రీజు బియ్యపుగింజంత తీసుకుని, రింగ్ తడిగా మెరిసేంత మాత్రమే రాయాలి. ఎక్కువైతే మట్టి పట్టుకుంటుంది. మూసిన తర్వాత మొదట కెమెరా లేకుండా, లోపల ఒక టిష్యూ కాగితం పెట్టి బకెట్ నీళ్లలో ముంచి అరగంట ఉంచండి. కాగితం పొడిగా వస్తేనే కెమెరా లోపలికి. బుడగలు గొలుసులా వస్తుంటే వెంటనే బయటికి తీయండి.

పూల్‌లో ఫొటోలకు ముందుగా అనుమతి అడగాలి. పొద్దున మొదటి బ్యాచ్‌కు ముందు, రాత్రంతా ఫిల్టర్ ఆడిన నీళ్లు అన్నిటికన్నా తేటగా ఉంటాయి. వేసవిలో మధ్యాహ్నానికి సన్‌స్క్రీన్, నూనె, జనం కలిసి మసక చేస్తాయి. లేడీస్ బ్యాచ్ సమయంలో కెమెరా సంచిలోంచి బయటికి రాకూడదు. ఇతరుల పిల్లలు ఫ్రేమ్‌లోకి వస్తే తల్లిదండ్రులను అడగాలి, వద్దంటే వాళ్ల ఎదురుగానే తీసేయాలి. ఈ పద్ధతి పాటించేవాళ్లను పూల్ వాళ్లే మళ్లీ పిలుస్తారు.

సాధనకు ఒక ఎర్రటి ప్లాస్టిక్ మగ్గు, ఒక స్నేహితుడు చాలు. మగ్గును అడుగున పెట్టి పైనుంచి ఒకటి, అదే మట్టం నుంచి ఒకటి, కిందినుంచి పైకి చూస్తూ ఒకటి తీయండి. పైనుంచి తీసింది టైల్స్‌లో కలిసిపోతుంది. కిందినుంచి తీసినదానికి వెనక వెలుగు, నీటి పైతట్టు వస్తాయి, మగ్గు కూడా గంభీరంగా నిలబడుతుంది. షట్టర్ స్పీడ్ 1/200కు తగ్గకుండా చూసుకోండి, కుదిరితే రా ఫార్మాట్‌లో తీయండి. మనిషి ముఖం తీసేటప్పుడు బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టినవాడి ఫొటో ఎప్పుడూ బాగుండదు. సన్నగా బుడగలు వదలమనండి, దవడ సడలుతుంది, ముఖంలోకి ప్రాణం వస్తుంది. యాక్షన్ కెమెరాలకు అమ్మే ఎర్ర ఫిల్టర్ పూల్‌లో వాడొద్దు. ఆ లోతులో ఎరుపు ఇంకా పోలేదు, ముఖాలు కందిపోయినట్టు వస్తాయి.

పూల్‌లో చేయి తిరిగాక విశాఖ. రుషికొండ దగ్గర శిక్షకులతో స్కూబా డైవింగ్ చేయించే సంస్థలున్నాయి. బంగాళాఖాతం అండమాన్ దగ్గర ఉన్నంత తేటగా ఇక్కడ ఉండదు, వానాకాలంలో మరీ మడ్డిగా మారుతుంది. చలికాలం నుంచి వేసవి మొదలు దాకా చూసుకుని, ఆ వారం నీళ్లెలా ఉన్నాయో వాళ్లనే ఫోన్‌లో అడిగి బయల్దేరండి. మొదటిసారి అనుభవం కోసం చేసే డైవ్‌లో శిక్షకుడి వెంట 12 మీటర్ల లోపే ఉంటారు. ఆ రోజు కెమెరా గదిలోనే ఉంచండి. సిలిండర్‌తో ఉన్నప్పుడు ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదు. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, బయటికి దారి లేకపోతే గాయపరుస్తుంది. చేతిలో కెమెరా ఉంటే ఫొటో కోసం ఆ ఒక్క నియమం మరిచిపోయే వీలుంది. 18 మీటర్ల దాకా అనుమతించే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ తీసుకుని, కొన్ని డైవ్‌లు ఖాళీ చేతులతో చేసి, శిక్షకుడు సరేనన్నాకే కెమెరా.

నీళ్లు మసకగా ఉన్న రోజున దూరపు దృశ్యాల జోలికి పోవద్దు. కనిపించే దూరం ఆరు మీటర్లైతే మీ ఫొటో రెండు మీటర్ల లోపే, ఇంకా చెప్పాలంటే చేయి చాపితే అందేంతలోనే. రాళ్ల సందుల్లో చిన్న చేపలు, పీతలు కావలసినన్ని. ముట్టుకోకండి, కెమెరా ఆనించడానికి రాతిని పట్టుకోకండి. సముద్రపు గుర్రాలు, తాబేళ్లు, గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఆ మాటకొస్తే చట్టం లేకపోయినా, ఫొటో కోసం ఒక జీవిని దాని చోటు నుంచి కదిలించేవాడిని నేను ఫొటోగ్రాఫర్‌గా లెక్కించను. విశాఖ డైవర్లు కొందరు అడుగున పడి ఉన్న వలలు, ప్లాస్టిక్ ఏరి పైకి తెస్తుంటారు. వీలైతే వాళ్లతో ఒక రోజు దిగండి. చెత్తలో చిక్కిన పీతను తీసిన ఫొటో అందమైన చేప ఫొటో కన్నా ఎక్కువమందికి చేరొచ్చు.

తిరుగు ప్రయాణం ముందే లెక్క వేసుకోవాలి. డైవింగ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. గాలి ఒత్తిడి తగ్గే ఎత్తుకు తొందరగా వెళ్తే బుడగలు కట్టి కీళ్లనూ నరాలనూ పట్టుకుంటుంది. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. ఆదివారం పొద్దున డైవ్, సాయంత్రం ఫ్లైట్‌లో శంషాబాద్ అనే ప్లాన్ కుదరదు. అదే సాయంత్రం అరకు కూడా వద్దు, ఆ ఘాట్ 900 మీటర్లు దాటుతుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకోండి. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తులోనే ఉంది, రైలు రాత్రంతా నిదానంగా ఎక్కుతుంది. రైలెక్కే ముందే కెమెరాను మూత తెరవకుండా మంచినీళ్ల బకెట్‌లో నానబెట్టి, ప్రతి బటన్‌ను నీళ్లలోనే నాలుగుసార్లు నొక్కండి. సందుల్లో ఉప్పు ఎండిందంటే బటన్ బిగుసుకుపోతుంది. ఇంటికొచ్చాక పొడి బట్ట పరిచి, ఫ్యాను ఆపి, అప్పుడు తెరవండి.